ధ్రువ సముద్రపు పురుగులు, మా అన్న ఐసు

మా అన్నకు తెలిసినంతలో లోకంలో ఐసును మించిన చల్లని వస్తువు లేదు. తోటపల్లి గూడూరులో రొయ్యల చెరువులున్న మనిషికి అంతకంటే తెలియాల్సిన అవసరమూ లేదు. నేను చూసేది దక్షిణ ధ్రువ సముద్రంలోని జంతు ప్లవకాలను. కంటికి ఆనీ ఆనని ఆ ప్రాణులు చలికాలం గడవడానికి ఒంట్లో కొవ్వు, మైనం దాచుకుంటాయి. అందులో ఏమేముందో తేల్చడం నా పని. "పురుగుల కొవ్వు చూసేదానికి అంత చదువెందుకే?" అని అన్న అడగని పండగ లేదు.

పోయిన ఏడాది, ఓడ తెచ్చిన నమూనాల సీసాలను, ఐసు కంటే ఎంతో చల్లగా ఉండే డ్రై ఐస్ నింపిన పెద్ద పెట్టెలో పెట్టుకుని కారులో చెన్నై ల్యాబుకు వెళ్తూ, దారే కదా అని అన్న ఇంట్లో ఆగాను. నా పరిశోధనకు ఆధారం ఆ సీసాలే. మళ్లీ కావాలంటే ఓడ మళ్లీ అంత దూరం పోవాలి. భోజనం చేసి ఓ కునుకు తీశాను.

లేచేసరికి పెట్టెను మామూలు ఐసుతో అంచుదాకా నింపి, గోనెపట్టా కప్పి, అన్న చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఆ పొగలొచ్చే ముక్కలు సగానికి సగం తరిగిపోయినాయి. పారేసి మంచి ఐసు కొట్టించినా. భయపడబాక."

"ఐసు చాలదన్నా!" నాకు ఏడుపొచ్చింది.

"అవి బతికిందే ఐసునీళ్లలో గదా? ఇప్పుడు ఐసులో పెడితే వాటికి నొప్పేంది?"

ఆ తర్కానికి తిరుగులేదు. చిక్కంతా ఏమిటంటే, చలిలో పుట్టిన ప్రాణి కాబట్టే దాని ఎంజైములు చలికి లొంగవు. ప్రాణం పోయాక ఐసులోనూ ఆ ఒంటి కొవ్వునే విరగ్గొడుతూ ఉంటాయి.

"నీ రొయ్యకు ఐసులో ఉన్నా తల నల్లబడదా? ఇవి అంతకంటే తొందరగా పోతాయి," అన్నాను. అంతటితో ఊరుకోకుండా, తెలియని పనిలో చెయ్యెందుకు పెట్టావని కూడా అన్నాను. అన్న చెరువు మీదికి వెళ్లిపోయాడు.

వదిన నాకు కాఫీ ఇచ్చింది. "ఈరోజు మన చెరువులో రొయ్యల పట్టుబడి. ఐసు సగమే వచ్చింది. రొయ్యలకు పొయ్యకుండా ముందు నీ పెట్టెకు పోసినాడు. రెండు క్రేట్లు మెత్తబడినాయని కొనేవాళ్లు పక్కన పెట్టేసినారు."

సిగ్గుతో చచ్చిపోయాను. గట్టు మీదికి వెళ్తే అన్న ఆ రొయ్యలే ఏరుతున్నాడు. పక్కన కూర్చుని నేనూ తలలు తీయసాగాను.

"నీ పురుగులు?" అన్నాడు తలెత్తకుండా.

"నీ రొయ్యలు?" అన్నాను.

ఒక క్రేటు ఖాళీ అయింది.

"ఓడ మళ్లీ ఎప్పుడు పోతాదే?"

"ఎందుకన్నా?"

"ఆ పొగల ఐసు యాడ దొరుకుతాదో ఈలోగా కనుక్కుంటా."