మైపాడు ఒడ్డున నాయన చూసిన కుట్టు

మా నాయన కావలిలో టైలర్. మైపాడు పక్కన సముద్రం ఒడ్డునే ఉండే ఒక పాళెంలో, చర్చిలో పాటలు పాడేవాళ్ళకి తెల్ల చొక్కాలు కుట్టినాడు. శనివారం అవి ఇచ్చి రావడానికి పోతా "వస్తావామ్మే?" అన్నాడు. ఎప్పుడూ రానని చెప్పేదాన్ని, ఈసారి వెంటనే చెప్పులేసుకున్నా. ఇంట్లో చెప్పలేని మాట ఒకటి ఉంది, అక్కడైతే చెప్పగలనేమో అని. ఈ బ్లాగు సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు, కాబట్టి మీకు ముందే చెప్పేస్తా.

నాకూ నాయనకీ ఎముకల మీద ఎముకలు మొలుస్తాయి. డాక్టర్లు మల్టిపుల్ ఆస్టియోకాండ్రోమాస్ అంటారు, మేం గడ్డలంటాం. మోకాళ్ళ దగ్గర, మణికట్ల దగ్గర, నాకైతే వీపున కుడి రెక్క ఎముక మీద కూడా. చాలామందికి వాటివల్ల పెద్దగా ఏమీ కాదు. అరుదుగా ఏదో ఒకటి క్యాన్సర్‌గా మారొచ్చు. ఎత్తు పెరగడం ఆగినాక కూడా గడ్డ పెరుగుతుంటే, కొత్తగా నొప్పి పుడితే, వెంటనే రమ్మని చిన్నప్పుడే డాక్టర్ చెప్పినాడు. ఇప్పుడు నేను ఇంటర్ సెకండియర్. నా ఎత్తు ఎప్పుడో ఆగిపోయింది. వీపు మీద గడ్డ ఆగలేదు, పైగా నొప్పి. ఎవరూ కనిపెట్టలేదు, అమ్మ కూడా. నా గడ్డలు చూసి ఎవరూ ఏమీ అనకూడదని నాయన నా డ్రెస్సులన్నీ లూజుగానే కుడతాడు. ఆ లూజు కూడా చాలకపోతే, నేనే దొంగతనంగా చంక కింద కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డ వదిలి, చేత్తో కుట్టుకున్నా.

కావలి నుంచి పొద్దున్నే ట్రైన్ ఎక్కితే గంటకల్లా నెల్లూరు, టికెట్ బస్సు కంటే చాలా తక్కువ. స్టేషన్ బయట ఇడ్లీ తిని మైపాడు బస్సెక్కినాం. ఎడం వైపు కూర్చోండి, ఆ టైంలో ఎండ తక్కువ. ఇందుకూరుపేట దాటినాక వరి అయిపోయి రొయ్యల గుంటలు మొదలవుతాయి. మైపాడులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ మా మూట చూసి "ఏంది సార్, పెళ్ళి బట్టలా?" అన్నాడు.

"కాదబ్బయ్యా, పాటలవి."

"పాటలు ఇంత బరువుంటాయా సార్! నేను ఊరికే పాడేస్తా ఉండాను."

దారి పొడుగునా పాడినాడు కూడా. మూట నిజంగానే బరువుగా ఉంది.

సరుగుడు చెట్లు అయిపోగానే సముద్రం. నెల్లూరు జిల్లాలో పుట్టి ఇన్నేళ్ళకి మొదటిసారి చూస్తున్నా, నవ్వకండి. ఫోన్లో చూసింది దీని ముక్క కూడా కాదు. చూసేకొద్దీ ఇంకా ఉంది. నెలల తరబడి నా తల నిండా ఉన్న భయం దాని ముందు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత చిన్నదైపోయింది.

ఒడ్డున ఊరంతా రెండు వరసలుగా నిలబడి తాళ్ళు లాగతా ఉన్నారు. ఎక్కడో నీళ్ళలో వల ఉంది. చొక్కాలు తీసుకోవాల్సిన మరియమ్మక్క కూడా తాడు దగ్గరే ఉంది. మమ్మల్ని చూసి అరిచింది. "రాండి, పట్టండి! మా దగ్గర తాడు పట్టినోళ్ళకే చేప, చూసినోళ్ళకి గాలి!"

అది వాళ్ళ పద్ధతంట. చుట్టమైనా, దారిన పోయేవాళ్ళైనా చెయ్యి వేస్తే వాటా ఇస్తారు. నేను పట్టుకున్నా, నా వెనకే నాయన. అందరూ ఒకేసారి వెనక్కి వాలితే సముద్రం కూడా మాతో కొంచెం వంగినట్టుంది. రెండో లాగుకో మూడో లాగుకో వీపులో చురుక్కుమంది. చంక కింద కుట్టు పర్రుమని చినిగింది.

"ఆగమ్మే" అన్నాడు నాయన. "ఈ కుట్టు నాది కాదే."

"చినిగితే కుట్టుకున్నాలే నాయనా."

"చినిగితే కుట్టింది కాదిది. విప్పి, లోపల గుడ్డంతా వదిలినావు. అంత లూజు పెట్టినానే, ఎందుకు బిగిసింది?"

నేను సముద్రం వైపే చూస్తా చెప్పినా. "పెరగతా ఉంది నాయనా. నొప్పి కూడా. అది క్యాన్సరేమో."

ఆయన అరచెయ్యి నా వీపు మీద పెట్టి అట్టే ఉంచేసినాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండాకాలం నుంచి."

"లోకం చూడకూడదని లూజు పెట్టినా" అన్నాడు. "నా కంటికీ కనపడకుండా పోయె."

"ఏమయ్యో టైలరూ!" ముందు నుంచి మరియమ్మక్క. "కూతురుతో కబుర్లు తర్వాత! వదిలితే చేప లేదు!"

నాయన కళ్ళు తుడుచుకుని నవ్వినాడు. "నువ్వు ఊరికే చెయ్యి ఆనించు, నేను లాగతా." వల ఒడ్డుకొచ్చేసరికి ఇసకంతా వెండి ఎగిరినట్టుంది. అంత ప్రాణం ఒక్కసారిగా నేనెప్పుడూ చూడలేదు. మా వాటా చేపలు మరియమ్మక్కే పులుసు పెట్టింది. నాయన దానికి డబ్బులివ్వబోతే "చొక్కాలకి చేతులు సరిగ్గా కుట్టినావా లేదా, అది చెప్పు ముందు" అంది.

మధ్యాహ్నానికి నెల్లూరులో ఎముకల డాక్టర్ దగ్గరున్నాం. నా ఎక్స్‌రే వెలుగుకి పెట్టినాడు. రెక్క ఎముక మీద తెల్లగా, అలల కింద పెరిగిన మొక్కలాగా ఉంది. భయం వేసింది. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయినా, దాన్ని నా ఒళ్ళే చేసింది కదా. "గడ్డ పైన మెత్తటి పొర ఎంత మందం ఉందో ఎంఆర్ఐలో చూడాలి, మందంగా ఉంటే అనుమానించాలి. అప్పటిదాకా క్యాన్సరనీ చెప్పను, కాదనీ చెప్పను. చెప్పి మంచి పని చేసినావు" అన్నాడు.

ఎంఆర్ఐ ఈ వారమే. భయం అట్టే ఉంది. కానీ సముద్రాన్ని చూసినాక ఒకటి తెలిసింది, వల ఎంత బరువున్నా ఇంకో చెయ్యి పడితే కదులుతుంది. మీలో ఎవరైనా ఇలాంటి పని మీద నెల్లూరు పోతే పాత ఎక్స్‌రేలు తప్పకుండా పట్టుకుపోండి. పాతది పక్కన పెడితేనే పెరిగిందా లేదా డాక్టర్‌కి తేలుతుంది. మాది ఇంట్లో బీరువా మీద ఉండిపోయింది, మళ్ళీ తిరగాల్సొచ్చింది.

ఇంటికొచ్చినాక నాయన టేపు తీసి నా వీపు కొలిచినాడు, చినిగిన డ్రెస్సుని సరిగ్గా నా కొలతకి కుట్టినాడు. వేసుకుంటే గడ్డ బయటికి కనిపిస్తోంది. అట్టే వేసుకుని, నేనే చెప్పడానికి వంటింట్లో అమ్మ దగ్గరికి పోయినా.