పేరు చెప్పని ప్రార్థన

మా అమ్మ తన కోసం ప్రార్థన చేసుకోగా నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ ఎదుటివాళ్ల కోసమే, అదీ పూర్తి వివరాలతో. మాక్లూర్‌లో ఎవరికో మోకాలు నొప్పి అంటే కుడిదా ఎడమదా అని అడిగి తెలుసుకుని మరీ ప్రార్థనకు కూర్చుంటుంది. "దేవునికి తెల్వదా అమ్మా?" అని నేను ఏడిపిస్తే, "ఆయనకు తెల్సు. అడిగేది నేను గద, నాకు తెల్వాలె" అంటుంది. ఈ జవాబు నాకెప్పుడూ సరిపోలేదు. అన్నీ తెలిసినవాడికి మళ్లీ చెప్పడమేమిటన్నది నాకిప్పటికీ వింతే.

గోడ అవతల ఒక ముస్లిం కుటుంబం ఉంటుంది. ఆయన పసుపు మార్కెట్లో హమాలీ. ఆమెను నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తాను. అమ్మ, ఖాలా ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని బీడీలు చుడతారు. పోయినేడు పసుపు సీజన్లో ఒకరోజు ఖాలా చేట పక్కన పెట్టి, రొమ్ములో గడ్డ తగులుతోందని చెప్పింది. ఇంట్లో చెప్పలేదట.

"ఎవ్వరికి చెప్పకు అక్కా. నీ దేవునికి చెప్పు, నా పేరు మాత్రం తియ్యకు."

దవాఖానకు పోదామని అమ్మ ఎంత బతిమాలినా, సీజన్ అయినంక చూద్దామనేది. అది భయమని తెలుస్తూనే ఉంది. నాకూ భయమేసింది. కానీ అమ్మ మాటిచ్చేసింది, నా నోరూ కట్టేసింది.

ఆ వారం ప్రార్థన కూడిక మా వాకిట్లోనే. సంఘంవాళ్లు మైకు కూడా తెచ్చారు. వంతు రాగానే అమ్మ కళ్లు మూసుకుంది.

"ప్రభువా, మా గోడకవతలున్న చెల్లెను నీ సన్నిధిల పెడుతున్న. పేరు చెప్పనని మాటిచ్చిన తండ్రీ. పసుపు మార్కెట్ల బస్తాలు మోసేటాయన భార్య. ఆమె రొమ్ముల గడ్డను ముట్టు. పెనిమిటికి చెప్పే ధైర్యమియ్యి."

గోడ అవతల నల్లా కింద ఎవరో కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు ఆగిపోయింది. ఆమెన్ అని కళ్లు తెరిస్తే గోడ మీదుగా ఖాలా భర్త ముఖం కనిపించింది. అమ్మేమో మాట తప్పలేదన్న తృప్తితో కొంగు సర్దుకుంటోంది. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

తెల్లారి ఆయన మార్కెట్‌కు పోలేదు. ఖాలాను నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. గడ్డ మంచిది కాదన్నారు. అయితే తొందరగానే వచ్చారని, ఆపరేషన్ చేస్తే నయమవుతుందని కూడా అన్నారు. ఖాలా మాతో మాటలు మానేసింది, చేట తీసుకుని తన గడపలోనే కూర్చునేది. అమ్మకు అన్నం సహించలేదు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. ఆ ప్రార్థన విన్నది దేవుడా, గోడవతలి ఆయనా? అమ్మనడిగితే "పోయి పని చూస్కో" అని కసిరింది.

ఆపరేషన్ రోజు పొద్దున ఆయనే వచ్చి, అమ్మను ఖాలా రమ్మంటోందన్నాడు. ఇద్దరం దవాఖానకు పోయాం. మంచం దగ్గర నిలబడగానే అమ్మ ఏడ్చేసింది.

"తప్పయింది చెల్లె. పేరైతే తియ్యలే..."

అమ్మ చెయ్యి పట్టి ఖాలా తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"కోపమొచ్చింది, నిజమే. సిగ్గుతోని సచ్చిన. కని అక్కా, గిన్నేండ్ల సంది గోడ పక్కనున్న. నువ్వు ప్రార్థన చేస్తే ఎంత దూరం ఇనబడ్తదో నాకు తెల్వదా? ఆయనకు చెప్పనీకె నాకు నోరు రాలే. గందుకే నీకు చెప్పిన."