చెక్క బడితో భూపాలపల్లి దాకా

మీ పత్రికకు ఇంతకుముందు రెండుసార్లు రాశాను. ఒక్క ముక్క వేయలేదు. భూపాలపల్లిలో కట్టబోయే రెండంతస్తుల బడి నక్షాలో మెట్ల దగ్గర తప్పుందని దాన్ని గీయించి సంతకం పెట్టిన ఇంజినీరు గారికీ రాశాను. జవాబు రాకపోతే ఆఫీసుకే వెళ్లాను. కట్టబోయే ఇళ్లకు చెక్క నమూనాలు చేయడం నా పని; ఆ నక్షా నకలు సంపాదించి నేను చేసిన నమూనాను ఆయన కన్నెత్తి చూడలేదు. "బొమ్మరిల్లు ఆడుకునే వయసు దాటలేదా?" అని నలుగురిలో నవ్వారు. నా యాసను కూడా పలికి చూపించారు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో అలాంటి నవ్వుల మీద కోపంతోనే రోడ్డెక్కినవాణ్ణి. మర్చిపోతానా?

నేను బయల్దేరిన మరునాడే బడి పునాదులకు ముగ్గు పోస్తారు. సిమెంటు పర్మిట్టు దొరకడమే గగనం. కట్టింది కూలగొడితే మళ్లీ రాదు, బడి మొండిగోడలతో నిలిచిపోతుంది. అందుకే జనగామలో పొద్దున ఆరున్నర ప్యాసింజరు ఎక్కాను. తెల్లగుడ్డలో కట్టిన నమూనా ఒడిలో ఉంది. ఎదుటి అవ్వ ఏదో దేవుడనుకొని కాళ్లు ముడుచుకుంది. బడి అని చెప్పాను.

"గంత చిన్న బడిల ఎవలు సదువుతరు బిడ్డ, ఎలుకలా?"

మహబూబాబాద్‌లో దిగి స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. చుట్టుదారైనా ఇటు వచ్చింది మిర్చి వ్యాపారి సోమయ్య సేటు కోసమే. ఆయన గోదాము నా నమూనా చూసే కట్టారు. సాక్ష్యానికి రమ్మంటే కాదనలేదు. నర్సంపేట బస్సులో కండక్టర్ నమూనాను పైన వేయమన్నాడు. నేను వినలేదు.

"అయితే ఇంటికి గూడ టికెట్ తీస్కో అన్న," అన్నాడు.

అర టికెట్ తీసుకున్నాను. పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి నాలుగు దాటింది.

బడి కమిటీ పెద్ద రాజిరెడ్డి మమ్మల్ని కూర్చోమనలేదు. సర్కారు నక్షా కంటే నా చెక్క ఎక్కువా అన్నాడు. సోమయ్య సేటు అందుకున్నాడు.

"మేం ముగ్గురన్నదమ్ములం పటేలా. గోడ లేసినంక తలుపు ఈడ గాదు ఆడ అని కూలగొట్టుడు మా ఖాందాన్ అలవాటు. ఈ సారు ముందుగాల్నే బొమ్మ మీద కొట్లాడిచ్చిండు. గోదాముల ఒక్క ఇటుక ఇప్పలే."

నేను నమూనా కప్పు, పై అంతస్తు ఎత్తి పక్కన పెట్టాను. కమిటీవాళ్లు చుట్టూ మూగారు. ఆడపిల్లల గది తలుపు కల్లు దుకాణం వైపు ఉందని ఒకరన్నారు. నక్షా నెలరోజులుగా వాళ్ల దగ్గరే ఉన్నా ఎవరికీ కనబడలేదు. వాదించుకొని నమూనాలోనే తలుపును రెండుసార్లు మార్చారు. పై అంతస్తు మళ్లీ పెట్టాను. రాజిరెడ్డి రెండు వేళ్లను మనిషి కాళ్లలా మెట్ల మీద నడిపించాడు. సగంలో వేళ్లు దూలం కింద ఇరుక్కున్నాయి.

"పోరగాండ్లు గీన్నుంచి వంగి ఎక్కాల్నా?"

"నక్షాల ఉన్నది ఉన్నట్టే చేసిన పటేలా."

ఆయన వేళ్లు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత నాకు కుర్చీ తెప్పించాడు.

"ముగ్గు గీ బొమ్మను చూసే పోయాలె," అన్నాడు.

తెల్లారి మెట్లను వరండా చివరికి జరిపి ముగ్గు పోశారు. కొత్త కొలతలతో నక్షా నేనే గీసిచ్చాను. నమూనా తమ దగ్గరే ఉండాలన్నారు.

హనుమకొండ బస్సులో, కాజీపేట నుంచి రైల్లో నా ఒడిలో మడిచిన తెల్లగుడ్డ ఒక్కటే ఉంది. ఇంత తేలికగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు. ఇంజినీరు గారూ, పాత నక్షా మీద ఉన్న సంతకం మీది. ఆ మెట్లు మీరెలా ఎక్కేవారో ఇదే పత్రికలో జవాబు చెప్పండి.