ముందు అడగాలి

డ్రెస్డెన్ వెళ్లే రైల్లో నా ఎదుటి సీట్లో ఒక నల్లజాతి తల్లి, ఆరేళ్ల కూతురు కూర్చున్నారు. పాప సన్నటి జడల చివర పసుపు పూసలు. పక్కనున్న పెద్దావిడ ముచ్చటపడి ఆ జడల మీద చెయ్యి వెయ్యబోయింది.

"ముందు అడగాలి" అంది పాప జర్మన్‌లో, నెమ్మదిగా.

ఆవిడ నవ్వి, "పట్టుకోనా?" అంది.

పాప కాసేపు ఆలోచించి "వద్దు" అంది.

మా గుంటూరులో అయితే "తప్పు, అమ్మమ్మకి సారీ చెప్పు" అని పిల్లనే గదమాయిస్తాం. ఈ తల్లి మాత్రం "బాగా చెప్పావు" అంది. తర్వాత నావైపు తిరిగి, "పోయినేడాది బడిలో అందరూ లాగుతున్నారని, జుట్టు కత్తిరించెయ్యమని ఏడ్చింది. ఇది నీది, నీ ఇష్టం అని జడలల్లిన ప్రతిసారీ చెప్పాను" అంది.

నా చేతులు ఊరుకోలేదు. పాపను ముట్టుకోకుండా దూరం నుంచే దిష్టి తీసి, నా కణతల దగ్గర మెటికలు విరిచాను.

"అదేంటి?" అంది పాప.

"ఇంత అందంగా ఉన్నవాళ్లకి ఎవరి కన్నూ తగలకుండా మావాళ్లు ఇలా చేస్తారమ్మా."

పాప తల్లివైపు తిరిగింది. "అమ్మా, నీకూ తియ్యనా?"

"తియ్యి."

ఆ చిట్టి వేళ్లు ఎంత నొక్కినా మెటికలు విరగలేదు. తల్లి మాత్రం నిజంగానే దిష్టి తీయించుకున్నట్టు గర్వంగా తల పైకెత్తి కూర్చుంది.