కొండ గోరింకల రికార్డింగులో వినిపించిన మాట

దయ్యాలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా పనే అలాంటిది. ఏడేళ్లుగా ఒక తెలుగు పత్రికకు సైన్సు వ్యాసాలు రాస్తున్నాను. ఎవరైనా వింత చూశామంటే వెలుతురు ఎంతుంది, ఎంత దూరం నుంచి చూశారు, పక్కన ఇంకెవరున్నారు అని అడిగి విసిగిస్తాను. ఈ ప్రశ్నల దెబ్బకే మా అత్తగారు నాకు పాము మణి కథ చెప్పడం మానేశారు.

ఇప్పుడు ఆ ప్రశ్నలన్నీ నన్ను నేనే అడుక్కుంటున్నాను. జవాబులు వస్తున్నాయి కానీ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పాప నిద్రపోయాక, వంటింటి బల్ల మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

మాది విజయనగరం వైపు. మా ఆయన గనిలో ఇంజినీరు కాబట్టి బస్తర్‌లోని బచేలి క్వార్టర్లలో ఉంటున్నాం. కొండంతా ఇనుపరాయి. కిటికీ తీస్తే చాలు, టీవీ మీద ఎర్రటి పొర పేరుకుంటుంది. వానాకాలంలో కొండ మీంచి దిగే వాగు ఇటుక రంగులో పారుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు భయపడతారు, మాకు అలవాటైపోయింది.

మా పాప పేరు మిన్ను. నేను చెప్పబోయే సంగతి మొదలైన మార్చి నాటికి దానికి రెండేళ్ల తొమ్మిది నెలలు. అప్పటికి ఒక్క మాట రాలేదు. అమ్మ అని కూడా అనలేదు. చెవులు బాగానే ఉన్నాయని విశాఖలో పరీక్ష చేసి చెప్పారు. పిలిస్తే తిరిగి చూసేది, నవ్వేది, కావలసిన దాని వైపు నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేది.

ఇంట్లో తెలుగు, పక్కింట్లో హిందీ, ఇంటి పనికి వచ్చే అమ్మాయిది ఇక్కడి హల్బీ. ఇన్ని భాషలు విని పిల్ల ఏది మాట్లాడాలో తెలియక ఊరుకుందని క్వార్టర్లలో అందరూ అనేవారు. అది నిజం కాదని నాకు తెలుసు. ఎక్కువ భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని స్వయంగా వ్యాసం రాసినదాన్ని. అయినా రోజూ ఉదయం లేవగానే, తప్పు నాదేనేమో అనే దిగులుతోనే లేచేదాన్ని.

విశాఖలోని స్పీచ్ థెరపిస్టు, పాప చేసే శబ్దాలు రోజూ పది నిమిషాలు రికార్డు చేసి పంపమంది. నా దగ్గర అడవిలో పక్షుల కూతలకు వాడే చిన్న రికార్డరు ఉంది. దాంతోనే చేసేదాన్ని.

ఇక్కడ నా పని పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి రికార్డింగూ నా గొంతుతో మొదలవుతుంది. ఎవరి కూత, ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నది ముందే చెబుతాను. తర్వాత వందల ఫైళ్లలో ఏది ఏదో పోల్చుకోవడానికి అదే ఆధారం. అయిపోయాక రెండుసార్లు చప్పట్లు కొడతాను. ఇంట్లో కూడా అదే అలవాటు. “మిన్ను. ఉదయం ఎనిమిదిన్నర. ఇంట్లో,” అని మొదలుపెట్టి, పది నిమిషాలయ్యాక రెండు చప్పట్లు కొట్టేదాన్ని. చప్పట్లు వినగానే మిన్ను కూడా కొట్టేది. మా ఇద్దరి మధ్య ఏదైనా సంభాషణ ఉందంటే అదొక్కటే.

ఆ మార్చిలో కొండ గోరింకల మీద వ్యాసం ఒప్పుకున్నాను. బస్తర్‌లో పహాడీ మైనా అంటారు. నల్లటి ఒళ్లు, మెడ వెనక పసుపుపచ్చ తోలు. పంజరంలో పెంచితే అచ్చం మనిషిలా మాట్లాడుతుంది, అందుకే పట్టి అమ్మేవారు. కానీ అడవిలో బతికే గోరింక ఇంకే జీవినీ అనుకరించదు. తోటి గోరింకల దగ్గరే నేర్చుకుంటుంది. నా వ్యాసానికి ప్రాణం ఆ ఒక్క సంగతే.

జగదల్‌పూర్ నుంచి సుక్మా వెళ్లే దారిలో, దర్భ దాటాక ఒక పల్లెలో రెండు రాత్రులున్నాను. మిన్నును వదిలి ఉండటం అదే మొదటిసారి. మా ఆయన సెలవు పెట్టి చూసుకున్నాడు. బచేలి అక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే.

నాకు దారి చూపింది గంగక్క. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. పుట్టిల్లు తెలుగు నేల అంచున ఉన్న మరైగూడ కాబట్టి తెలుగు వచ్చు. ఆ పల్లెలో తెలుగు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే, పెళ్లయి వచ్చాక మాట్లాడటానికి ఎవరూ లేక మేకలతో మాట్లాడేదాన్నని నవ్వుతూ చెప్పింది. గోరింకల గూళ్లు ఏ చెట్టు తొర్రల్లో ఉన్నాయో ఆమెకు కంఠతా వచ్చు.

రెండో రోజు తెల్లవారుతుండగా ఊరికి మూడు కిలోమీటర్ల దూరాన, అడవి లోపల ఒక ఎండిన చెట్టు మొదలుకు రికార్డరు కట్టాను. అప్పటికే రెండు గోరింకలు పై కొమ్మ మీద కూత మొదలుపెట్టాయి. తొందరలో బటన్ నొక్కి, అలవాటుగా నోటికి వచ్చింది చెప్పేశాను.

“మిన్ను. ఉదయం ఐదూ నలభై. ఇంట్లో.”

చెప్పాక గాని నాకు తెలియలేదు. గంగక్క నా వంక వింతగా చూసింది.

“ఏంది చెల్లె, ఈడికొచ్చి బిడ్డను పిలుస్తున్నవ్?”

అలవాటులో నోరు జారిందని చెప్పాను. మళ్లీ మొదలుపెడితే పక్షులు బెదురుతాయని అలాగే వదిలేసి దూరంగా వచ్చేశాం. దారిలో గంగక్క, అడవిలో మనుషుల్ని పేరు పెట్టి పిలవద్దని, తమవాళ్లు అడవిలో కూ అని మాత్రమే కేకేస్తారని చెప్పింది. ఎందుకని అడిగాను.

“పేరు పెట్టి పిలిస్తే ఏదో ఒకటి పలుకుతది. పలికింది ఎవరో మనకెట్ల తెలుస్తది?”

వ్యాసానికి పనికొచ్చే వాక్యం దొరికిందని సంబరపడి నోటుబుక్కులో రాసుకున్నాను. గంటన్నర తర్వాత వెళ్లి రికార్డరు విప్పి, రెండు చప్పట్లు కొట్టి ఆపేశాను.

ఇంటికొచ్చాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. కూతలు బ్రహ్మాండంగా పడ్డాయి. ముప్పై ఒకటో నిమిషంలో, మైకుకు బాగా దగ్గరగా, ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది.

“అమ్మా, నీళ్లెర్రగా ఉన్నాయి.”

అంతే. దానికి ముందు ఏమీ లేదు, తర్వాతా ఏమీ లేదు. పిల్ల ఏడుపుతో చెప్పలేదు, భయంతో చెప్పలేదు. ఏదో చూపిస్తున్నట్టు, కొంచెం ఆశ్చర్యంగా చెప్పింది. ‘ఎర్రగా’ దగ్గర గొంతు చిన్నగా విరిగింది.

మొదట అనుమానించింది కార్డునే. ఇంటి రికార్డింగులూ అడవివీ ఒకే మెమరీ కార్డులో ఉన్నాయి, ఏదైనా కలిసిపోయి ఉండవచ్చు. కానీ ఏం కలుస్తుంది? మా ఇంట్లో అప్పటిదాకా మాట్లాడిన పిల్ల లేదు. పైగా ఆ మాట నడుస్తున్నంతసేపూ వెనక గోరింకల కూత తెగకుండా ఉంది.

ఇప్ప పూలు ఏరుకోవడానికి తల్లులతో వచ్చిన పిల్లలేమో అనుకున్నాను. మార్చిలో ఆ వేళకు అడవిలో మనుషులుంటారు. కానీ నేల నిండా ఎండుటాకులు. ఎవరు నడిచినా కరకరమంటుంది. నా అడుగుల చప్పుడు, గంగక్కది, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ స్పష్టంగా ఉంది. మధ్యలో ఒక్క అడుగు కూడా లేదు. మేం దగ్గరికి వెళ్లగానే హెచ్చరిక కూత కూసిన గోరింకలు ఆ పిల్ల మాటకు కనీసం ఆగలేదు.

మా ఆయన విని, తీరథ్‌గఢ్ జలపాతం చూడటానికి వచ్చిన ఆంధ్రా టూరిస్టుల పిల్ల అయ్యుంటుందన్నాడు. నేనూ సరేనన్నాను. ఆ జలపాతంలో నీళ్లు తెల్లగా నురగలు కక్కుతాయని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఏప్రిల్‌లో వ్యాసం కోసం మళ్లీ వెళ్లినప్పుడు గంగక్కకు వినిపించాను. ఒక ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని మూడుసార్లు వింది. తీసి నా చేతిలో పెట్టింది.

“ఈడి పిల్లలకు తెలుగు రాదు చెల్లె. ఇది నీ యాసనే.”

ఇంకో మాట కూడా అంది.

“దీన్ని నీ బిడ్డకు ఇనిపియ్యకు. దాని మాట దాన్నే తెచ్చుకోనియ్యి.”

వినిపించనని చెప్పాను. ఆ మాట నిలబెట్టుకున్నానో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఎందుకంటే నేను ఆ గొంతు వినడం మానలేకపోయాను. వంట చేస్తూ, బట్టలు మడత పెడుతూ, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ పది సెకన్లే మళ్లీ మళ్లీ పెట్టుకునేదాన్ని. ఎదురుగా మిన్ను బొమ్మలతో నిశ్శబ్దంగా ఆడుకుంటూ ఉండేది. నా కూతురు మాట్లాడితే ఇలాగే ఉంటుందని అనిపించేది. అలా అనిపించినందుకు సిగ్గేసేది. ఎవరి పిల్లదో తెలియని గొంతును నా పిల్లకు తగిలించి ముద్దు చేసుకుంటున్నాను. థెరపిస్టుకు మాత్రం ఆ ఫైలు పంపలేదు.

మేలో ఒక మధ్యాహ్నం పత్రిక వెబ్‌సైటు కోసం కూతలు కత్తిరిస్తున్నాను. ఇయర్‌ఫోన్ తీగ పాడై, లాప్‌టాప్ స్పీకరులో పెట్టాను. మిన్ను పక్క గదిలో నిద్రపోతోంది. ముప్పై ఒకటో నిమిషం దాకా వెళ్లానా, ముందే ఆపానా? ఆపాననే గుర్తు. కానీ నా దగ్గరికొచ్చి గుర్తు అని చెప్పేవాళ్లను నేను ఎప్పుడూ నమ్మలేదు.

జూలైలో వానలు పడ్డాయి. ఒక సాయంత్రం వాన వెలిశాక మిన్నును ఎత్తుకుని కాలనీ చివర కల్వర్టు దాకా వెళ్లాను. కింద వాగు నిండుగా పోతోంది. దించమని కాళ్లు ఆడించింది. దించాను. కమ్మీల మధ్య నుంచి కిందికి చూసింది. తర్వాత నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగింది.

“అమ్మా, నీళ్లెర్రగా ఉన్నాయి.”

‘ఎర్రగా’ దగ్గర గొంతు విరిగింది.

మూడేళ్లు దాటిన పిల్ల మొదటిసారి నన్ను అమ్మా అని పిలిచింది. ఏ తల్లయినా అక్కడే కూలబడి పిల్లను గుండెకు హత్తుకుంటుంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ అడుగు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. మిన్ను నా మొహం వంక చూసి, తనేదో తప్పు చేసిందనుకుని పెదవి విరిచింది. అప్పుడు ఎత్తుకున్నాను. ఎర్రగా ఉన్నాయమ్మా, ఎర్రగానే ఉన్నాయి అని ఇంటిదాకా అంటూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి మాటలు ఆగలేదు. మూడు వారాల్లో మాట్లాడని మాట లేదు. పక్కింటివాళ్లతో హిందీ, పనమ్మాయితో హల్బీ, మాతో తెలుగు. ఆలస్యంగా మొదలుపెట్టే పిల్లల్లో కొందరు ఇలా నేరుగా వాక్యాలతో మొదలుపెడతారని థెరపిస్టు చెప్పింది. సంతోషంతో మా అత్తగారు సింహాచలం వెళ్లి వచ్చారు.

మా ఆయన దగ్గర ఒక వివరణ ఉంది. మేలో ఆ మధ్యాహ్నం నిద్రలోనో మెలకువలోనో పాప ఆ మాట విని ఉంటుంది. వాగు చూడగానే బయటికొచ్చింది. మంచి వివరణే. నేనే రాసేదాన్ని. కానీ అదే నిజమైతే నా పిల్ల మొదటి మాట తనది కాదు, పంజరంలో గోరింకకు నేర్పినట్టు నేను నేర్పించింది. గంగక్క వద్దన్న పని చేశాను. అది నిజం కాకపోతే, నాలుగు నెలల ముందు ఆ చెట్టు కింద మాట్లాడింది ఎవరు? ఈ రెండింటిలో ఏది నిజమవ్వాలని కోరుకోవాలో కూడా నాకు తెలియడం లేదు.

వ్యాసానికి సాయం చేసిన ఒక పరిశోధకుడికి రెండు ముక్కలూ పంపాను, ఒకటి అడవిది, ఒకటి మిన్ను తర్వాత మాట్లాడినది. ఎవరివో చెప్పలేదు. రెండూ ఒకే పిల్లవి కదా, ఇందులో సందేహమేంటని రాశాడు. కిందనే, ఈ వయసు పిల్లల గొంతులు కచ్చితంగా తేల్చడం కష్టం అనీ రాశాడు. ఆ రెండో వాక్యాన్ని పట్టుకుని ఒక వారం ప్రశాంతంగా ఉన్నాను.

వ్యాసం అచ్చయింది. అడవి గోరింక మనిషి గొంతును అనుకరించదని అందులో ఉంది. అది ఇప్పటికీ సరైన సమాచారమే. ముప్పై ఒకటో నిమిషం గురించి ఒక్క ముక్క రాయలేదు. నా రికార్డింగుల పుస్తకంలో ప్రతి ఫైలుకూ ఎదురుగా ఎవరి కూత అన్నది రాసే గడి ఉంటుంది. ఈ ఫైలు ఎదురుగా అది ఖాళీగా ఉంది.

పోయిన ఆదివారం ఇక ఉండబట్టలేక, గంగక్కకు ఇచ్చిన మాట తెలిసే తప్పాను. ఇప్పుడు మిన్నుకు మాటలొచ్చాయి కదా, కొత్తగా చెడేదేముందనుకున్నాను. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ పది సెకన్లు స్పీకరులో పెట్టాను. పైన గోరింకలు కూస్తున్నాయి, మధ్యలో ఆ మాట. మిన్ను తల వంచి శ్రద్ధగా వింది.

“ఎవరమ్మా అది?” అని అడిగాను.

“పిట్ట,” అంది.

పైన కూస్తున్న పిట్టల్ని అందా, ఆ మాట అన్నదాన్ని అందా నాకు అర్థం కాలేదు. మాట్లాడింది ఎవరని మళ్లీ అడిగాను. మిన్ను నా మొహం వంక చూసింది. ఒళ్లోంచి దిగి నిలబడి రెండుసార్లు చప్పట్లు కొట్టింది. మా ఇంట్లో దానికి అర్థం రికార్డింగు అయిపోయిందని. ఆ తర్వాత దాని బొమ్మల దగ్గరికి వెళ్లిపోయింది.