గుండిగకు హామీగా ఒక చేతి గడియారం

ఏప్రిల్ నెల, శుక్రవారం. బాల్కనీలో ఇసుక తుడవడం అయింది. దుప్పట్లు ఉతికి ఆరేయడం అయింది. పప్పులు డబ్బాల్లోకి సర్దడం అయింది. మా వారి డ్యూటీ బట్టల ఇస్త్రీ సగంలో ఉండగా ఎవరో తలుపు తట్టారు. పక్కింటి మాస్టారిని తన వ్యానులో తిప్పే డ్రైవరన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అమ్మా, సారు పోయిండు. రాత్రి గుండె నొస్తుందంటే దవాఖానకు తీస్కపోయినం. తెల్లారేసరికి అయిపాయె."

ఇస్త్రీపెట్టె ఆపి కూర్చున్నాను. వంటింటి గూట్లో మాస్టారి చేతి గడియారం మాత్రం నడుస్తూనే ఉంది.

అది నా దగ్గర ఎందుకుందో ఇక్కడ ఖతార్‌లో అల్ ఖోర్‌లో ఉండే మీలో చాలామందికి తెలుసు. రాస్ లఫాన్‌లో గ్యాసు ప్లాంట్లలో పనిచేసే మన లేబర్ క్యాంపు వాళ్ళకు సెలవు రోజున మాస్టారు పులిహోర కలిపి తీసుకెళ్ళేవారు. ఆయనొక్కరే ఉండేవారు, ఇంట్లో అంత పెద్ద గిన్నె లేదు. మా గుండిగ పట్టుకెళ్ళేవారు. వెళ్తూ గడియారం విప్పి గూట్లో పెట్టేవారు. గుండిగ తోమి తెచ్చి ఇచ్చాకే మళ్ళీ చేతికి పెట్టుకునేవారు.

"మేమేమైనా పరాయివాళ్ళమా మాస్టారూ?" అని మొదట్లో నొచ్చుకున్నాను.

"కాదు కనకనే అమ్మా. పరాయివాళ్ళ గిన్నె ఎవరైనా వెంటనే తోముతారు. మనవాళ్ళదే, రేపు తోముదాంలే అనుకుంటే అది ఎన్నటికీ తోమం."

ఆయనకూ మాకూ పరిచయం ఇక్కడిది కాదు. కెనడాలో తారు ఇసుక తవ్వే ఊళ్ళో మొదలైంది. మా వారు అక్కడ వెల్డరు. మాస్టారు ఒకప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, ఆ తర్వాత అక్కడి ల్యాబులో నీటి పరీక్షలు చేసేవారు. ఇసుకకు పట్టిన తారును వేడినీళ్ళతో కడిగి చమురు తీస్తారు. కడిగిన మురికినీళ్ళు చెరువులంత గుంటల్లో నిలవ ఉంటాయి. చలికాలం చివర నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది, గుంటల నీళ్ళు మాత్రం వెచ్చగా ఉంటాయి కనుక, ఎగిరి వచ్చిన బాతులు ఆ గుంటల్లో దిగబోతాయి. దిగితే రెక్కలకు తారు పట్టి మళ్ళీ లేవలేవు. అందుకని గట్ల మీద గ్యాసు ఫిరంగులు పేలుస్తారు, నీళ్ళ మీద దిష్టిబొమ్మలు తేలుస్తారు.

"మన ఊళ్ళో మంచె ఎక్కి పిట్టల నుంచి గింజను కాస్తాం. ఇక్కడ నీళ్ళ నుంచి పిట్టను కాస్తున్నారు" అన్నారాయన ఒకసారి.

ఖతార్ వచ్చాక కూడా మాస్టారు ఆ ఊరిని వదల్లేదు. అక్కడి మంత్రులకూ, కొత్త గనుల మీద ప్రజాభిప్రాయం తీసుకునే సంఘాలకూ రాస్తూనే ఉన్నారు. తవ్వకం ఆపమని కాదు. నేలనూ నీళ్ళనూ తిరిగి బాగుచేసే ఖర్చు తవ్వకముందే హామీగా కట్టించుకోవాలి, బాగుచేశాకే తిరిగివ్వాలి. అంతే ఆయన అడిగింది. "పెళ్ళి సామాను అద్దెకిచ్చేవాడు కూడా ముందే అడ్వాన్సు తీసుకుంటాడు కదా. నది ఇచ్చేటప్పుడు మనకు ఆపాటి తెలివి వద్దా?" అనేవారు.

చమురు ధర రోజూ ఎక్కుతున్న రోజులివి. అక్కడ ఇంకో గని తెరుస్తున్నారు. దాంట్లో మా వారి కంపెనీ కూడా వాటా కొనబోతోందని వినికిడి. కిందటి వారం గుండిగ తీసుకెళ్తూ మాస్టారు అడిగారు: "నా రాతలు వాళ్ళకు అలవాటైపోయాయమ్మా. ఆ గుంటల పక్కన కాపురం చేసిన ఇల్లాలివి, చూసింది చూసినట్టు ఆ గని సంఘానికి నువ్వు రాయి. నీ పేరుతో. వచ్చే ఆదివారంతో గడువు."

"మా వారిని అడిగి చెప్తానండీ" అన్నాను.

అడిగాను. "నీకేమైనా మతి పోయిందా? వచ్చే నెల నా రెన్యువల్. వీసా కంపెనీ చేతిలో ఉంది. ఎవరైనా చూస్తే యల్లా, పదండి, సామాన్లు సర్దుకోండి అంటారు" అన్నారు. ఆ భయం అబద్ధం కాదు. వారమంతా ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను, ఇంకా ఏమీ రాయకుండానే.

డ్రైవరన్నతో కలిసి మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన సొంతూరికి పంపే సంచిలో బట్టలు సర్దాలి. బాల్కనీలో మా గుండిగ బోర్లించి ఉంది, అద్దంలా మెరుస్తూ.

"నిన్ననే తోమిండమ్మా. వారం సంది ఒళ్ళు బాగలేదు, నేను తోముత సారూ అంటే, నా గడియారం నువ్విడిపిస్తవా ఏందిరా అని నవ్విండు."

అప్పుడు ఏడ్చాను. ఆయన వైపు లెక్క సరిపోయింది. జవాబు నా వైపే మిగిలింది.

ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాశాను. గుంటల వాసన రాశాను, కిటికీ మూసినా వచ్చేది. ఫిరంగులు పేలినప్పుడల్లా పొయ్యి మీద గిన్నెలు అదిరేవని రాశాను. గుండిగ సంగతీ, గడియారం సంగతీ రాశాను. మా వారు వెనక నిలబడి చదివారు.

"నా పేరు ఎక్కడా పెట్టకు" అన్నారు. మళ్ళీ మొదటి నుంచి చదివి, "ఫిరంగులు మంచు కరిగే రోజుల్లోనే అని రాశావు. తప్పు. ఆకురాలే కాలంలో కూడా పేల్చేవారు, బాతులు తిరిగి వెళ్ళేటప్పుడు. దిద్దు" అన్నారు.

దిద్దాను. కంప్యూటరులో పంపింది కూడా ఆయనే. రెన్యువల్ సంగతి ఇంకా తెలియదు. ఫోను మోగితే ఇప్పటికీ ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం.

గడియారం తుడిచి, ఊరికి వెళ్ళే సంచిలో పెట్టమని డ్రైవరన్న చేతికిచ్చాను. గుండిగ తెచ్చి మా బాల్కనీలో పెట్టి నిండా నీళ్ళు పోశాను. సాయంత్రం ఒక పిచ్చుక వచ్చి దాని అంచు మీద వాలింది. వంగి నీళ్ళు తాగుతుంటే తోలకుండా నిలబడ్డాను.

గుండిగ ముట్టింది. గడియారం వెళ్ళింది. మాస్టారికి నేనున్న జవాబు బాకీ, చెల్లు.