కొబ్బరినీళ్ళు తాగిన లారీ

మా మేనత్త పోయిన మంగళవారం ఉదయం మలికిపురంలో కన్నుమూశారు. టీ పెట్టమని చెప్పి కుర్చీలో కూర్చున్నారట. టీ తెచ్చేసరికి లేరు. "అక్క వెళ్ళిపోయిందమ్మా" అని నాన్న ఫోన్‌లో చెప్పి పెట్టేశారు.

అత్తయ్యను ఎరిగినవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆమె లారీయే. మావయ్య పోయాక దాన్ని అమ్మేయమని అందరూ అన్నారు. ఆమె అమ్మలేదు. స్టీరింగ్ ఎన్నడూ పట్టలేదు గాని, కొబ్బరికాయల లోడు కదిలే ముందు చుట్టూ తిరిగి ప్రతి చక్రాన్నీ చెప్పుకాలితో ఒకసారి తట్టేవారు. చర్చికి వెళ్ళే తెల్లచీరలో ఉన్నా సరే.

ఏ వస్తువునీ తేలిగ్గా పారేసే మనిషి కాదు. మిక్సీ, గొడుగు, కుర్చీ, అన్నీ బాగుచేయించేవారు. "ప్రాణమున్నదాన్ని పాతిపెడతామా?" అనేవారు. చిన్నప్పుడు నేను చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసుకుంటుంటే పక్కన కూర్చుని మైదా జిగురు కాచి ఇచ్చేవారు. నన్ను మాట్లాడమని బలవంతపెట్టని పెద్దవాళ్ళు తక్కువ. ఆమె ఒకరు.

అందుకే రేడియేటర్ విషయంలో ఆమె ఏం చేస్తారో మాకు తెలుసనుకున్నాం.

ఒక వేసవిలో లారీ సాలూరు ఘాట్ ఎక్కుతుండగా, ఇంజన్ని చల్లబరిచే రేడియేటర్ కారడం మొదలైంది. డబ్బాలో నీళ్ళు అయిపోయాయి. చుట్టుపక్కల చుక్క నీరు లేదు. వెనక మాత్రం లోడంతా కొబ్బరికాయలు. డ్రైవరు కాయలు కొట్టి ఆ నీళ్ళే పోశాడు. కోనసీమవాడికి తప్ప ఇంకొకరికి రాని ఆలోచన. ఎలాగో ఘాట్ దాటాడు గాని, ఇంటికొచ్చేసరికి లారీ ముందుభాగమంతా కొబ్బరి లౌజు మాడిన వాసన.

"తప్పైపోయిందండి అమ్మగారూ. మన కాయలే కొట్టేనండి."

"అన్నీ దానికే పోసేవా, నువ్వూ తాగేవా?"

"ఒకటి తాగేనండి."

అత్తయ్య నవ్వారు. నాన్న నవ్వలేదు. "ఇలాంటివాణ్ణి ఇంకా ఉంచుకుంటావా అక్కా?"

"జరిగింది జరిగినట్టు చెప్పేడురా. అలాంటివాణ్ణి మళ్ళీ ఎక్కడ వెతకను?"

అత్తయ్య డ్రైవరుతో కలిసి అమలాపురం మెకానిక్ షాపుకి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళారు. మెకానిక్ రేడియేటర్ విప్పితే గొట్టాల్లో కొబ్బరినీరు పాకంలా గడ్డకట్టి ఉంది.

"కడిగి, కారేచోట అతుకేస్తానండి. పాత ఇత్తడి సరుకు, గట్టిది. ఇప్పుడొచ్చేవి అల్యూమినియం, చివర్లు ప్లాస్టిక్. పగిలితే అతుకు కూడా పడదండి."

"అతుకే వేయించండి అమ్మగారూ. నేను జాగ్రత్తగా నడుపుతానండి" అన్నాడు డ్రైవరు. తన వల్ల పెద్ద ఖర్చు పడితే పనిలోంచి తీసేస్తారేమోనన్న భయం అతని గొంతులో తెలిసిపోతోంది.

మావయ్య దగ్గరుండి వేయించిన రేడియేటర్ అది. అత్తయ్య దానిమీద ఒకసారి చెయ్యి వేశారు.

"అతుకేస్తే మళ్ళీ ఘాట్ ఎక్కుతుందా బాబూ?"

"మామూలు రోడ్డు మీద ఫర్వాలేదండి. గొట్టాలు పలచబడ్డాయి. ఘాట్ అంటే చెప్పలేనండి."

"నీ తమ్ముడే నడుపుతుంటే ఏం చేస్తావు?"

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "కొత్తదే వేస్తానండి."

"ఆయ్. అయితే కొత్తదే వెయ్యి."

పాతదాన్ని ఇంటికి తెస్తారేమో అనుకున్నాను. అక్కడే తూకానికి ఇచ్చేశారు. తిరుగుప్రయాణంలో నేను అడక్కుండానే చెప్పారు: "నా గొడుగు కారితే నేను తడుస్తాను. అది కారితే ఒకరి బిడ్డ కొండమీద ఆగిపోతాడు."

ఆ తర్వాతి లోడు బయల్దేరినప్పుడు అత్తయ్య కేబిన్‌లోకి ఎక్కి, నన్నూ ఎక్కించుకున్నారు. రావులపాలెం దాకా, ఇంజను వేడి చూపించే ముల్లు మీంచి కళ్ళు తిప్పలేదు. అది సగం దగ్గరే నిలిచింది. గౌతమి వంతెన ముందు లారీ ఆపించారు. ఇద్దరం దిగాం.

"నీళ్ళ డబ్బాలు నింపేవా?"

"రెండూ నింపేనండి. ఇంక కాయలు కొట్టనండి."

"దాహమేస్తే కొట్టుకో."

లారీ వంతెన ఎక్కింది. అత్తయ్య కళ్ళకి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు పక్కనే నిలబడ్డారు. మా వైపు వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. బస్సొచ్చిందని చెప్పాను. వెనక్కి చూడకుండానే, పోనిమ్మన్నట్టు రెండో చెయ్యి ఊపారు. అప్పటికి లారీ ఇంకా సగం గోదావరి కూడా దాటలేదు.